ఖాళీ గంపల వరస

పది నిమిషాలంటే ఎంతని, షాద్‌నగర్ చౌరస్తాలో బస్సు ఆగి, దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు తోసుకుని ఎక్కి, కండక్టరు రైట్ అనేంత సేపు, అట్లాంటివి ఓ నాలుగు, అంతే కదా, కానీ ఈ పది నిమిషాలు ముందుకు జరగడం లేదు, తెర పక్కన ఎర్రంకెల గడియారం ఒక నిమిషం నలభై అంటోంది, నాకేమో ఒక పూట గడిచినట్టుంది, కిటికీలో పెట్టిన కెమెరా కింద చౌరస్తాను చూస్తోంది, కెమెరాలోంచి బొమ్మ మా బోర్డులోకి వస్తుంది, బోర్డు దాన్ని నూరోవంతుకు నలిపి సన్నని తీగలో పంపితే అవతలి బల్ల మీది పెట్టె దాన్ని విప్పి గోడ మీది తెరకు ఇస్తుంది, చూసేవాడికి ఇంతే, కిటికీలోంచి చూసినా అవే బస్సులు తెర మీద చూసినా అవే బస్సులు, ఇందులో ఏముంది అనిపిస్తుంది, ఇందులో ఏముందో ఈ డిజైను గీసి రెండేళ్లుగా తల పగలగొట్టుకున్న నవనీత మేడమ్‌కు తెలుసు, ఆమె గోళ్లు కొరుక్కుంటోంది, ఆమె పక్కన మేనేజరు బాలకృష్ణ సారు నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాడు, ఆ నవ్వు గ్లోరీ మేడమ్ కోసం, కెమెరాలు తయారుచేసే పెద్ద కంపెనీ నుంచి వచ్చింది ఆమె, చేతులు కట్టుకుని తెర వైపే చూస్తోంది, వచ్చీరాగానే చెప్పేసింది, పది నిమిషాలు నడపండి, బొమ్మ చెడి ఒక్క ఆకుపచ్చ గడి కనపడ్డా నేను పోతా, కనపడకపోతే మీ డిజైనే మా చిప్పులో వేస్తా అని, ఆమె పోతే బాలకృష్ణ సారు రేపే బయటినుంచి రెడీమేడ్ డిజైను తెప్పిస్తాడు, ఆ మాట దాచలేదు ఆయన, అప్పుడు ఈ గదిలో నేను చెప్పిన మాటొకటి ఉండేదని ఎవరికీ గుర్తుండదు, నేను మళ్లీ సోల్డరు అంటుపెట్టేవాణ్నే, మైసయ్యా గీ చిప్పు కాలు ఊడింది జర అంటుపెట్టు, అంతే.

రెండు నిమిషాల పది, ఎర్ర చీరామె రోడ్డు దాటింది, తెర మీదా దాటింది, కొంగు చివర కూడా చెదరలేదు, బాగుంది, అసలు నేను ఈ గదిలో నిలబడి ఉండడమే వాళ్లకు వింత, ఏడో తరగతి సగంలో బడి మానినవాడు, బడి మాన్పించబడినవాడు అనాలి, నలభై ఆరేళ్లు వచ్చినా ఆ మాట గొంతులో ముల్లులాగే ఉంది, సర్టిఫికెట్ లేదని ఎక్కని మెట్లు ఎన్ని, నేను పని నేర్పిన పిల్లలు నాకు సార్లయి కూర్చుంటే వాళ్ల బోర్డులు బాగుచేసి ఇచ్చిన సార్లు ఎన్ని, పాలమూరులో చోటే మియా టీవీలు బాగుచేసే దుకాణం లేకపోతే ఈ పనీ లేదు, ఆయనకూ చదువు లేదు, మీటరు తర్వాత బే, ముందుగాల వేలు పెట్టి అడుగు, యాడ నొస్తుందో అదే చెప్తది అనేవాడు, టీవీ వెనక డబ్బా విప్పి ఒక్కో భాగం మీద వేలు పెడుతూ పోవడం, ఎక్కువ వేడెక్కింది ఎక్కువ మొత్తుకుంటున్నట్టు, ఆ వేలితోనే కదా ఇదంతా మొదలైంది, నవనీత మేడమ్ బోర్డు మీద ఊడిన కాలు అతికిస్తూ అలవాటుకొద్దీ వేలు పెట్టాను, లెక్కలన్నీ చేసే పెద్ద చిప్పు గోరువెచ్చగా ఉంది, పక్కన బొమ్మలు దాచుకునే మెమరీ చిప్పు పెనంలా కాలుతోంది, నోరు ఊరుకోలేదు, గిదేంది మేడమ్, పని చేసేటోడు సల్లగున్నడు, సామాన్ల కొట్టు కాలిపోతాంది అన్నాను.

ఆమె నవ్వలేదు, అదే ఆమెలో గొప్ప, ఇంకొకరైతే నవ్వేవాళ్లు, దేవరకొండ అవతల ఊరు ఆమెది, చాయ్ గ్లాసు పక్కన పెట్టి అట్టముక్క మీద గీసి చెప్పింది, చూడు మైసయ్యన్నా, వీడియో అంటే సెకనుకు అరవై బొమ్మలు, అన్నీ పంపితే ఏ తీగా మొయ్యలేదు, అందుకే కొత్త బొమ్మను గడులు గడులు చేస్తం, ఒక్కో గడి పాత బొమ్మల యాడుండెనో దేవులాడుతం, ఎతుకుతమన్నట్టు, బస్సు జర ముందటికి జరిగిందనుకో, బస్సును మళ్ల పంపం, గింత జరిగిందని ఒక్క ముక్క పంపుతం, గా దేవులాడేటందుకు పదహారు మందిని పెట్టిన, ఒక్కొక్కడు మెమరీ కాడికి పోయి పాత బొమ్మల చుక్కలు తెచ్చుకొని పోల్చి చూస్తడు, అంది, నేను అడిగాను, పక్కపక్కోళ్లు దేవులాడే జాగాలు వేరేవేరేనా మేడమ్ అని, కాదన్నా, ఒకటి రెండు చుక్కల తేడా గంతే, మిగతాదంతా అదే అంది, అంటే గదే మన్ను పదహారు మంది పదహారు సార్లు పోయి ఎత్తుకొస్తున్నరా అన్నాను, అనేసి నాలుక కరుచుకున్నాను, మన్ను అనే మాట నేను నోట్లోంచి రానివ్వను, ఆమె అట్టముక్కను నా వైపు తిప్పింది, అన్నా, మరి ఎట్ల తేవాలె, అంది, ఎవరూ పోవద్దు మేడమ్, వరసగ నిలవడాలె, మొదటోడు ఒక్కడే ఎత్తుకోవాలె, చూసుకుని పక్కోనికియ్యాలె, వాడు చూసుకుని ఇంకోనికియ్యాలె, కుప్ప కాడికి ఒక్కసారి పోతే చాలు, అన్నాను, ఆమె పరుగు పెట్టినట్టు వెళ్లిపోయింది, వెనక నుంచి బాలకృష్ణ సారు, ఏం మైసయ్యా, అంటుపెట్టుడు అయిపోయిందా, ఇగ డిజైన్లు చేసుడు షురూ చేసినవా, మాకు గూడ జర నేర్పరాదు అని, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ముప్పై ఏళ్లుగా నవ్వుతున్న నవ్వే అది.

నాలుగు నిమిషాలు, వాన లేదు, ఎండ గాజు మీద మెరుస్తోంది, మెరుపు కూడా గడులకు కష్టమే అని మేడమ్ చెప్పింది, అయినా తెర గట్టిగానే ఉంది, మన్ను అనకూడదనుకున్నానా, ఎందుకంటే అడుగుతారు, ఏ మన్ను అని, కాలువ మన్ను, మేం పాలమూరు లేబర్ అని చెప్పాలి, ఇక్కడ నవనీత మేడమ్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు, మిగతావాళ్లకు బాపు కాంట్రాక్టులు చేసేవాడని చెప్పాను, బాపు ఏ కాంట్రాక్టరు కింద పలుగు పట్టాడో అది మింగేశాను, భాష తెలియని రాష్ట్రంలో, కొండ తొలిచి కాలువ తవ్వే చోట, బాపు కింద తవ్వితే అమ్మ బిక్షమ్మ గంపకెత్తేది, అమ్మ దగ్గర మొదలై గట్టు పైదాకా ఆడవాళ్ల బారు, ఎవరూ అడుగు కదిపేవాళ్లు కాదు, నడుము మాత్రం తిరిగేది, ఈ పక్క అందుకోవడం ఆ పక్క అందించడం, కింద ఎత్తిన గంప పైకి పోతూ ఉంటే చూడడానికి మన్నే మెట్లెక్కుతున్నట్టు ఉండేది, నవనీత మేడమ్‌కు నేను చెప్పింది ఆ వరసే, తర్వాత ఆమె అడిగితే కాలువ సంగతీ చెప్పాను, నేనూ అందులో నిలబడ్డానని చెప్పాను, మన్ను మోసిన చేతులివి మేడమ్ అని చేతులు చూపించాను కూడా, అది అబద్ధం, ఆ బారుకు ఎదురుగా ఇంకో బారు ఉండేది, మన్ను పోసేశాక ఖాళీ గంపలు పైనుంచి కిందికి దింపే వరస, ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, జ్వరం పడి లేచినవాళ్లు, బడి మాన్పించి తెచ్చిన నాలాంటివాళ్లు, అదీ నా జాగా, అండాలక్క ఎదురు వరసలో నిండు గంప తిప్పుతూ, ఏం రా ఖాళీ గంపలోడా, గాలి మోస్తున్నవా, బరువైతుందా బిడ్డా, జర ఆగి మోయి అనేది, బారంతా కిలకిల, బడి పోయిన దుఃఖం కంటే ఆ నవ్వు ఎక్కువ కాల్చింది, కనీసం మన్నన్నా మొయ్యనియ్యమ్మా అని ఏడ్చాను, అమ్మ గంపకెత్తడం ఆపకుండానే, నువ్వు ఒక్క గంప ఆలస్యం చెయ్యి కొడుకా, నేను ఎత్తుడు ఆగుతదా లేదా సూడు అంది, ఆ మాట అప్పుడు బుజ్జగింపు అనుకున్నాను.

అప్పట్లో డిజైనులో ఆ నిండు వరస పెట్టిన రోజునే మెమరీ చిప్పు చల్లబడింది, వేలితో అడిగాను, చల్లగా చెప్పింది, నవనీత మేడమ్ గంతేసింది, తెర మీద బొమ్మ పరుగు తీసింది, మూడో నిమిషంలో తెర కుడి అంచున ఒక ఆకుపచ్చ గడి, పచ్చిగడ్డి ముక్క అతికించినట్టు, తర్వాత నాలుగు, తర్వాత అంచంతా, రోజూ అదే, ఒక్కోసారి నిమిషానికే, మూడు వారాలు ఆమె వెతకని చోటు లేదు, కళ్ల కింద నలుపు వచ్చింది, బాలకృష్ణ సారు ఆమె ఎదురుగానే, మనం సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేటోళ్ల మాటలు ఇని డిజైన్లు చేస్తే గిట్లనే పచ్చగడ్డి మొలుస్తది మేడమ్ అన్నాడు, ఆ రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది, అన్నా, దొరికింది, బొమ్మ అంచుకాడ వరస మలుపు తిరుగుతది, గాడ చివరోడు ఒక్క క్షణం ఆగుతడు, వెనకోళ్లకు గది ఎరుక లేదు, ఇస్తనే ఉన్నరు, ముందటోని చేతులు నిండుగ ఉన్నయి, మధ్యల చుక్క కింద పడిపోతాంది, పడ్డకాడ ఆకుపచ్చ వస్తాంది, మరి మీ కాలువ కాడ గంపలు కింద పడకపోయేదా, ముందటామె చేతులు ఖాళీ అయినయని మీ అమ్మోళ్లకు ఎట్ల ఎరుకయ్యేది, అని అడిగింది, అంత సూటిగా, అంత అమాయకంగా, నాకు జవాబు తెలుసు, అడిగిన క్షణమే తెలుసు, ఎదురు వరసలోంచి ఖాళీ గంప వచ్చి చేతికి తగిలితేనే అమ్మ తర్వాతి గంప ఎత్తేది, పైన ఎక్కడ ఆగినా ఖాళీ గంప రావడం ఆగేది, కేక అక్కర్లేదు, మేస్త్రీ ఈల అక్కర్లేదు, ఖాళీయే కబురు, ఇది తెలిసీ, యాది లేదు మేడమ్ అన్నాను, మూడు రోజులు యాది లేదు అన్నాను, ఎందుకంటే చెబితే ఆ వరసలో ఎవరు నిలబడేవారని అడుగుతుంది, ఆకుపచ్చ గడులు నా సిగ్గులోంచి మొలుస్తున్నాయని తెలిసీ అన్నం తిన్నాను, సోల్డరు వేశాను, ఇంటికి పోయాను, నాలుగో రోజు ఆమె తన కంప్యూటరులో మా వరసను చెరిపేసి పాత డిజైను తెరవడం చూశాను, అది చూడలేకపోయాను, మేడమ్, ఇంకో వరస ఉంటది అన్నాను, ఖాళీ గంపల వరస, నిండు వరసల నేను లేను, గా ఖాళీ వరసల నిలవడ్డోణ్ని నేను, గందుకే చెప్పలే అన్నాను, ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టింది కూడా, నీ సిగ్గు సల్లగుండ, మూడు రోజులు నన్ను సంపితివి గద అన్నా, అంది, అని వెంటనే కీబోర్డు లాక్కుని, ఒక్కొక్కని నుంచి వెనకోనికి ఒక సన్నని తీగ, దానికి పేరు పెట్టాలె, ఏమని పెడుదం, అని నన్నే అడిగి నేను చెప్పకముందే ఇంగ్లీషు అక్షరాలతో ఖాళీ అని కొట్టింది, డిజైను నిండా ఇప్పుడు ఆ పేరే, పదిహేను చోట్ల ఖాళీ, ఖాళీ, ఖాళీ, అది వస్తేనే చుక్క కదులుతుంది.

ఏడు నిమిషాల ఇరవై, ఇదేంది, చౌరస్తా ఆ చివర దుమ్ము, బస్సు ఆగిపోయింది, ఆటోలు హారన్లు, గొర్రెలు, దేవుడా గొర్రెలు, కొండ మీది నుంచి దిగినట్టు రోడ్డు నిండా, రెండు వందలు, మూడు వందలు, ఒక్కోటి ఒక్కో దిక్కు తల తిప్పుతూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ముందు గొంగడి వేసుకున్నాయన, మా చిప్పుకు ఇంతకంటే గండం లేదు, బస్సైతే మొత్తంగా జరుగుతుంది, దేవులాడితే దొరుకుతుంది, గొర్రెల్లో ఏ గడి ఎక్కడిదో తల్లి గొర్రెకే తెలియదు, నవనీత మేడమ్ నా మోచెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు, బాలకృష్ణ సారు లేచాడు, గీ టైముల గొర్లేంది వయా, మేడమ్, కెమెరా జర పక్కకు తిప్పుతం, ఇది లెక్కల పట్టద్దు అన్నాడు, గ్లోరీ మేడమ్ కుర్చీలోంచి ముందుకు వంగింది, తిప్పితే నేను పోతా సార్, గొర్లను రానియ్యండి అంది, అప్పటిదాకా ఆచితూచి మాట్లాడిన మనిషి నోట గొర్లు అని వినగానే ఎక్కడిదో అనుకున్న ఈమె మన దిక్కుదే అనిపించింది, వస్తున్నాయి, తెర కుడి అంచు, అక్కడే, ఆ అంచే, గొర్రెలన్నీ ఆ అంచుకే తోసుకుపోతున్నాయి, నా చెయ్యి నాకు తెలియకుండానే బోర్డు మీదికి పోయింది, మెమరీ చిప్పు మీద వేలు, చల్లగా ఉంది, పెద్ద చిప్పు మీద వేలు, వేడెక్కుతోంది, వేడెక్కాలి, పని చేసేవాడే వేడెక్కాలి, లోపల వరస మలుపు తిరుగుతోంది, చివరివాడు ఆగాడు, ఖాళీ రాలేదు, వెనకవాడు చెయ్యి చాపలేదు, ఆగాడు, ఆగాడు, ఖాళీ వచ్చింది, కదిలింది, ఇది నాకు కనిపించదు, సెకనులో కోటోవంతు సంగతి, అయినా నడుము దగ్గర తెలుస్తోంది, గొర్రెల ఉన్ని తెర మీద పోగు పోగుగా కనిపిస్తోంది, ఒక పిల్ల వెనకబడి ఎగిరి దూకింది, గాల్లో దాని నాలుగు కాళ్లూ లెక్కపెట్టొచ్చు, ఆకుపచ్చ లేదు, ఆకుపచ్చ లేదు, చివరి గొర్రె అంచు దాటింది, దుమ్ము మిగిలింది, దుమ్ము కూడా దుమ్ములాగే ఉంది, ఎనిమిది నిమిషాల యాభై, ఇంక ఆ గడియారం ఎంత చూపిస్తే ఏం, నాకు అయిపోయింది, మేం దాటేశాం.

పది నిమిషాలూ నిండి గంట కొట్టినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, గ్లోరీ మేడమ్ లేచి నేరుగా బోర్డు దగ్గరికి వచ్చి, వరస ఆగినప్పుడు చుక్క పడిపోకుండా ఏం చేసిన్రు, ఈ సైజు చిప్పులో ఇంత సన్నగా నేనెక్కడా చూడలే అంది, బాలకృష్ణ సారు గొంతు సవరించుకుని, అది మా టీమ్ ఎన్నో రోజులు, అంటూ ఉంటే నవనీత మేడమ్ మధ్యలో, మైసయ్యన్నను అడగండి మేడమ్, ఆయనదే అది అంది, అందరూ నా వైపు తిరిగారు, ఐరన్ చేతిలోనే ఉంది, స్టాండులో పెట్టాను, గోడ మీది తెల్లబోర్డు మీద రాసే పెన్ను అందుకున్నాను, ఇంగ్లీషు రాదు మేడమ్ అన్నాను, నాకు తెలుగు వస్తది చెప్పండి అంది, రెండు గీతలు గీశాను, ఇటు నిండు, అటు ఖాళీ, నిండు గంప పోవాలంటే ఖాళీ గంప రావాలె మేడమ్, ఎవ్వరు ఎవ్వరికి చెప్పే పని లేదు, పైన యాడ ఆగినా కింద దానంతటదే ఆగుతది, ఎవ్వని చేతులు నిండినయో గంప వచ్చేదాంక ఎరుక ఉండదు, ఎరుక ఉండాల్సిన పని లేదు, అన్నాను, మధ్యలో ఒకడు పాడైతే, అని అడిగింది, పక్కోనితోనే పట్టుకోవచ్చు మేడమ్, యాడ గంపలు కుప్ప పడ్డయో గాడనే ఉంటడు అన్నాను, ఆమె నవ్వింది, ఎక్కడ నేర్చుకున్నరు ఇది, ఏ కాలేజీ, అంది, బాలకృష్ణ సారు నేల చూశాడు, నాలుక చివర ఎన్ని అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయో, ముప్పై ఏళ్లుగా తోమి పెట్టుకున్నవి, అన్నీ వదిలేశాను, కాలేజీ కాదు మేడమ్, మేం పాలమూరు లేబర్, కాలువ పనిల ఖాళీ గంపలు అందించిన, అన్నాను, నా మొహం వేడెక్కలేదు, అది చూసి నాకే ఆశ్చర్యం, గ్లోరీ మేడమ్ మళ్లీ అడిగింది, ఎన్ని గంపలకు ఒక మనిషి చొప్పున, వరస ఎంత పొడుగైతే లాభం పోతది, అని, పని సంగతి, పూర్తిగా పని సంగతి, ఆ ప్రశ్న వినగానే కళ్లు చెమ్మగిల్లాయి, ఎందుకంటే నా జీవితంలో ఆ బారు గురించి ఎవరూ జాలి పడకుండా అడగడం అదే మొదలు, బయటికి వచ్చాక బాలకృష్ణ సారు భుజం మీద చెయ్యి వేసి, అరే మైసయ్యా, గింత తెలిసినోనివి నాకెందుకు చెప్పలే అన్నాడు, మీరు అడిగింది అంటుపెట్టమనే గద సార్, గది చేసిన అన్నాను, ఆయన చెయ్యి దానంతటదే దిగింది.

మధ్యాహ్నం నవనీత మేడమ్ కంప్యూటరు ముందు కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది, డిజైను మనదని రాయించుకునే పేటెంటు దరఖాస్తు, గ్లోరీ మేడమ్ వాళ్లు ముందే చేసుకోమన్నారంట, చదువు అన్న చోట, ఏం రాయాలె అన్నా అంది, ఉన్నదే రాయండి మేడమ్, ఏడు, సగం అన్నాను, ఆమె పకపక నవ్వి ఏడు అని రాసింది, కింద ఇంకో ఖాళీ, దీన్ని మొట్టమొదట ఆలోచించిన వ్యక్తి పేరు, ఆమె వేళ్లు మై దాకా కొట్టాయి, నేను ఆగమన్నాను, ఎందుకో నాకే తెలియదు, అమ్మ పేరు చెబుదామనుకున్నానా, అమ్మ కూడా నేర్చుకున్నదే, వాళ్లమ్మ దగ్గర, ఆమె ఇంకెవరి దగ్గరో, వరస వెనక్కి పోతూనే ఉంది, ఎక్కడో ఒక చోట ఒకామె ఉండాలి కదా, మొట్టమొదటామె, అందరూ గంపలెత్తుకుని గట్టెక్కి దిగి కాళ్లు కాలుతుంటే, ఏయ్ అందరు ఎందుకే నడుసుడు, నువ్వు గాడ నిలవడు, నాకియ్యి, అన్నామె, అని ఊరుకోకుండా, ఖాళీ గంప రానియ్యి, అప్పుడే ఎత్తుత అని రెండో వరస నిలబెట్టినామె, వేలిముద్ర వేసినామె, ఏ చెరువు కట్ట మీద అన్నదో, ఏ కోట గోడ కింద అన్నదో, ఆమె అన్న రోజున పక్కన కాగితం పట్టుకున్న మనిషి లేడు, అంతే తేడా, అన్నా, ఏమని రాయాలె, మేడమ్ అడుగుతోంది, నేను బడి పోయిందని ఏడ్చిన ముప్పై మూడేళ్లు నిలబడింది ఆ మొట్టమొదటామె గీసిన డిజైనులోనే, చదువులేని కూలి కాదది, ఎవరూ రాసి పెట్టని చదువు, రాయండి మేడమ్ నా పేరే, మైసయ్య అని పూర్తిగా రాయండి అన్నాను, తెలివి మా వాళ్ల దగ్గర ఎన్ని తరాల నుంచో ఉంది, కాగితమే ఇవాళ వచ్చింది.